తూము తీసే నీరటి: మొక్కల హార్మోన్లు జన్యువులతో ఏం చేయిస్తాయి

మృగశిర కార్తె వచ్చిందంటే వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఊళ్లలో వడ్లు మండె కడతారు. రోజంతా నానిన విత్తనాన్ని గోనె సంచిలో పోసి, మూతి బిగించి, మీద గడ్డి కప్పి, మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తారు. మర్నాడు సంచిలోకి చెయ్యి పోనిస్తే లోపల వెచ్చగా ఉంటుంది. గుప్పెడు తీసి చూస్తే గింజగింజకూ తెల్లటి ముక్కు పొడుచుకొచ్చి కనిపిస్తుంది. నారుమడిలో చల్లిన నాలుగైదు రోజులకు అదే గింజను గోటితో నొక్కితే గట్టి బియ్యం ఉండదు, పాలలాంటి ద్రవం ఉబికి వస్తుంది. ఏడాదంతా రాయిలా ఉన్న పిండి చక్కెరగా కరిగిపోతోందన్నమాట.

నీళ్లు తగిలాయి కాబట్టి మొలిచిందని అనుకుంటాం. నీళ్లు కావాల్సిందే కానీ అవి ఒక్కటే చాలవు. 1960లో జపాన్‌లో యోమో, ఆస్ట్రేలియాలో పాలెగ్ ఎవరికి వారుగా ఒక సులువైన ప్రయోగం చేశారు. బార్లీ గింజను అడ్డంగా కోసి, మొలక పుట్టే బీజం ఉన్న ముక్కను పక్కన పెట్టి, మిగతా సగాన్ని తడిపారు. పిండి పిండిగానే ఉండిపోయింది. ఆ ముక్కకే జిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని కాస్త తగిలిస్తే పిండి కరగడం మొదలైంది. అంటే మామూలుగా బీజం నుంచి గింజ లోపలికి ఒక కబురు వెళ్తోంది. దాన్ని అందుకునేది పిండి కాదు, పిండి చుట్టూ పలచగా పరుచుకుని ఉన్న అల్యూరోన్ అనే సజీవమైన పొర. రైసుమిల్లులో బియ్యం పాలిష్ పట్టినప్పుడు తవుడులో కలిసిపోయేది ఈ పొరే. కబురు అందగానే ఆ పొర కణాల్లో ఆల్ఫా ఎమైలేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులు పనిలోకి దిగుతాయి. ఎంజైమ్ పిండిని విరగ్గొడుతుంది, వచ్చిన చక్కెరను మొలక తింటుంది. పని ముగిశాక అల్యూరోన్ కణాలు తమంతట తామే చనిపోతాయి. తల్లి మొక్క కట్టి ఇచ్చిన సద్దిమూటను విప్పిపెట్టడమే వాటి జీవితం.

వరి జన్యురాశిని 2005లో పూర్తిగా చదివినప్పుడు సుమారు 37 వేల జన్యువులు లెక్కతేలాయి. వేరులోని కణంలోనూ, ఆకులోని కణంలోనూ, అల్యూరోన్‌లోనూ ఉన్నవి అవే జన్యువులు. ఎక్కడ ఏది పని చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎంతసేపు చేయాలి అన్నదే తేడా. మొక్కకు మెదడు లేదు, నరాలు లేవు, కాళ్లు లేవు. వాన పడినా, ఎండ కాసినా, పురుగు కొరికినా నిలబడ్డ చోటే ఉండి ఏ జన్యువును నడపాలో ఏది ఆపాలో తేల్చుకోవాలి. ఆ కబుర్లు మోసేవే హార్మోన్లు.

కబురు వచ్చి జన్యువును ఎలా కదిలిస్తుందన్నది చాలాకాలం అంతుపట్టని సంగతి. హార్మోన్ వెళ్లి నిద్రపోతున్న జన్యువును తట్టి లేపుతుందన్నది అందరికీ తోచే ఊహ. తీరా చూస్తే జరిగేది దాదాపు తలకిందులు. జన్యువును నడిపే ప్రోటీన్లు కణంలో ముందే సిద్ధంగా ఉంటాయి. వాటిని కదలనివ్వకుండా ఇంకో ప్రోటీన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. హార్మోన్ ఆ పట్టుకున్నదాన్ని తప్పిస్తుంది. పాకాల చెరువులోనో లక్నవరంలోనో నీళ్లు నిండుగా ఉంటాయి, కింద కాలువలు తవ్వే ఉంటాయి. తూము మూసి ఉన్నంతసేపు చుక్క కదలదు. నీరటి వచ్చి తూము తీస్తాడు. నీళ్లను నీరటి పుట్టించలేదు, కాలువ దారినీ అతను గీయలేదు. అతను చేసిందల్లా అడ్డు తీయడం. మొక్కల హార్మోన్లలో ఎక్కువ శాతం చేసే పని ఇదే. ఈ ఒక్క సంగతి పట్టుబడితే పంట పొలంలో కనిపించే ఎన్నో విషయాలకు, ఎరువుల దుకాణంలో అమ్మే "పెరుగుదల మందు"ల మాటలకు కూడా అర్థం తెలుస్తుంది.

వెర్రి నారు నుంచి పొట్టి వరి దాకా

జిబ్బరెల్లిన్ మనిషికి తెలిసిందే వరి తెగులు పుణ్యాన. జపాన్ రైతులు "బకానే" అని పిలిచే తెగులు ఒకటుంది, అంటే వెర్రి నారు. తెగులు సోకిన నారు మిగతా నారుకన్నా సన్నగా, పాలిపోయి, ఎత్తుగా సాగి, చివరికి కూలిపోతుంది. 1926లో ఎయిచి కురొసావా అనే శాస్త్రవేత్త తైవాన్‌లో ఈ తెగులు కలిగించే బూజును పెంచి, వడపోసిన ద్రవాన్ని మాత్రమే ఆరోగ్యమైన నారుకు పట్టించాడు. నారు అలాగే వెర్రిగా సాగింది. బూజు లేకపోయినా అది విడిచిన పదార్థం చాలన్నమాట. 1935లో యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. తర్వాత తేలిందేమిటంటే, బూజు తయారుచేసే ఈ పదార్థం మొక్కల సొంత హార్మోనే. మొక్క చిటికెడు వాడుకునేదాన్ని బూజు దోసిళ్లతో పోస్తోంది.

జిబ్బరెల్లిన్ కణంలోకి వచ్చాక ఏం జరుగుతుందో ఇప్పుడు అణువు అణువుగా తెలుసు. ఎదుగుదలను పట్టి ఉంచే ప్రోటీన్ల పేరు డెల్లా. వాటి గొలుసులో వరుసగా వచ్చే ఐదు అమైనో ఆమ్లాల సంకేతాక్షరాలను కూడితే వచ్చిన పేరది. డెల్లా నేరుగా డీఎన్‌ఏను పట్టుకోదు, జన్యువులను నడిపే ప్రోటీన్ల మీద కూర్చుని వాటిని డీఎన్‌ఏ దగ్గరికి పోనివ్వదు. 2005లో వరిలోనే జిబ్బరెల్లిన్ గ్రాహకాన్ని, అంటే ఆ కబురును అందుకునే ప్రోటీన్‌ను, కనిపెట్టారు, దాని పేరు జీఐడీ1. దీనికి జేబులాంటి గుంట ఉంది. జిబ్బరెల్లిన్ ఆ జేబులో పడగానే పైన మూత వాలిపోతుంది. వాలిన మూత మీదికి డెల్లా వచ్చి అతుక్కుంటుంది. అలా దొరికిపోయిన డెల్లాకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను తగిలిస్తారు. నరకబోయే టేకు చెట్టుకు అటవీ శాఖవాళ్లు గుర్తు కొట్టినట్టు. గుర్తు పడినదాన్ని ప్రోటియసోమ్ అనే కణంలోని గిర్ని పిండి చేసేస్తుంది. డెల్లా పోయింది, అది పట్టి ఉంచిన ప్రోటీన్లు విడుదలయ్యాయి, జన్యువులు నడిచాయి, కణం సాగింది. మండె సంచిలోని గింజలో జరిగిందీ ఇదే దారి.

ఇక్కడే హరిత విప్లవం కథ దాగి ఉంది. పాత వరి రకాలు ఎత్తుగా పెరిగేవి. యూరియా ఎక్కువ వేస్తే మరింత పెరిగి, గింజ పట్టే వేళకు గాలికి పడిపోయేవి. 1966లో వచ్చిన ఐఆర్-8 పొట్టిగా, గట్టిగా నిలబడింది. ఆ పొట్టితనానికి కారణమైన జన్యువును, ఎస్‌డీ1ను, 2002లో గుర్తించారు. అది జిబ్బరెల్లిన్ తయారీలో చివరి మెట్ల దగ్గర పనిచేసే ఎంజైమ్ జన్యువు. పొట్టి వరిలో అందులో ఒక ముక్క ఊడిపోయి ఉంది. అందుకే ఆ మొక్క కాండంలో హార్మోన్ తక్కువ తయారవుతుంది. నేటి పొట్టి వరి రకాల్లో చాలావాటికి ఇదే వారసత్వం. గోధుమ కథ వేరు. మెక్సికో పొట్టి గోధుమల్లో హార్మోన్‌కు కొరత లేదు. వాటిలో మారిపోయింది డెల్లాయే. జీఐడీ1 దాన్ని పట్టుకోలేదు, గిర్నికి పంపలేదు. డెల్లా మారిపోయిందన్న సంగతి 1999లో తేలింది.

ఫలితం ఒకటే, పొట్టి పైరు. కానీ లోపలి తేడా చిన్నది కాదు. వరిలో నీరటి రావడం తగ్గింది, గోధుమలో తూము తలుపే బిగుసుకుపోయింది. పొట్టి వరి మీద జిబ్బరెల్లిన్ పిచికారీ చేస్తే అది సాగుతుంది. పొట్టి గోధుమ మీద ఎంత కొట్టినా పెద్దగా చలించదు. వరిలో తూము తలుపు మంచిగా ఉండటం ఉత్తర తెలంగాణకు ఎంత కలిసొచ్చిందో హుజూరాబాద్, జమ్మికుంట, ఎల్కతుర్తి వైపు యాసంగిలో పోయి చూస్తే తెలుస్తుంది.

పోటాకులో ఇరుక్కున్న కంకి

దేశంలో హైబ్రిడ్ వరి విత్తనం పండించే పెద్ద కేంద్రాల్లో ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాలు ముందు వరుసలో ఉంటాయి. కాకతీయ కాలువ నీళ్లు, పొడిగా ఉండే యాసంగి వాతావరణం, ఈ పనిలో చెయ్యి తిరిగిన రైతులు ఇందుకు ఆసరా. పొలంలో ఆడ వరి ఎనిమిది సాళ్లు, మగ వరి రెండు సాళ్లు అన్న లెక్కలో నాట్లు ఉంటాయి. ఆడ వరి అంటే సొంత పుప్పొడి పనిచేయని రకం. పొద్దున పూత విచ్చుకునే వేళ ఇద్దరు చెరో గట్టు మీద నిలబడి పొడవాటి తాడు పట్టుకుని మగ వరి మీదుగా లాగుతారు. పసుపురంగు దుమ్ములా పుప్పొడి లేచి ఆడ వరి మీద పడుతుంది. అరగంట ఆగి మళ్లీ లాగుతారు. వారం పది రోజులు ఇదే పని.

ఈ కష్టమంతా ఫలించాలంటే ఆడ వరి కంకి బయటికి రావాలి. చిక్కు అక్కడే. ఆడ వరిలో ఎక్కువగా వాడే మగవంధ్య రకాల్లో కంకి పూర్తిగా బయటపడదు, అడుగు భాగం పోటాకు (కంకికి ముందు వచ్చే చివరి ఆకు) తొడుగులోనే ఇరుక్కుపోతుంది. లోపల ఉండిపోయిన పూలకు పుప్పొడి అందదు, అవి తాలు. కంకిని పైకి నెట్టాల్సింది దాని కింద ఉన్న చివరి కణుపు నడిమి, అంటే రెండు కణుపుల మధ్య ఉండే కాండం ముక్క. ఈ రకాల్లో ఆ భాగానికి జిబ్బరెల్లిన్ చాలినంత అందదు, అందుకే అది కురచగా ఆగిపోతుంది. కాబట్టి రైతు బయటి నుంచి ఇస్తాడు. అదే అందరూ "జీఏ త్రీ" అని పిలిచే మందు. తెల్లటి పొడి, నీళ్లలో సరిగా కరగదు. ముందు ఆల్కహాల్‌లో కరిగించి తర్వాత నీళ్లలో కలపాలి. చేతి పంపుతో కొట్టేటట్టయితే హెక్టారుకు 60 గ్రాముల మేర సిఫారసు. నూటికి ఐదు పది కంకులు తొంగిచూసే వేళకు మొదలుపెట్టి, రెండు విడతలుగా వెంటవెంటనే కొడతారు. రెండు మూడు రోజుల్లో కంకులు పోటాకును దాటి పైకి లేస్తాయి. ఉదయం ఒక ఎత్తున చూసిన పొలం మర్నాటికి ఇంకో ఎత్తున కనిపిస్తుంది.

ఎప్పుడు కొడుతున్నామన్నదే ఇక్కడ అసలు ప్రశ్న, దానికి రైతులు ఇచ్చే ప్రాధాన్యం వట్టి అలవాటు కాదు. పొట్ట దశ ముదరకముందే కొడితే చివరి నడిమికి బదులు అప్పుడు సాగే వయసులో ఉన్న కింది నడుములు సాగుతాయి. మొక్క బక్కగా ఎత్తు పెరిగి పడిపోతుంది, కంకి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆలస్యంగా కొడితే చివరి నడిమి కణాలు ముదిరిపోయి ఉంటాయి, మందు వృథా. పొలంలో పడింది అదే హార్మోన్, తగిలింది అన్ని కణాలకూ. కానీ ప్రతి కణం తన వయసును బట్టి, తనలో అప్పటికే సిద్ధంగా ఉన్న ప్రోటీన్లను బట్టి జవాబిచ్చింది. తూము తీస్తే నీళ్లు పోయేది అప్పటికే తవ్విన కాలువలోకే. హార్మోన్ కణానికి ఏం చేయాలో నేర్పదు. నేర్చినదాన్ని చేయనిస్తుంది.

పత్తి ఆకు వేళ్లు చాచినప్పుడు

ఇదే సూత్రం ఒక చేదు రూపంలో పత్తి చేలల్లో కనిపిస్తుంది. పక్కన మక్క చేనులోనో వరి పొలంలోనో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొడతారు. గాలి ఇటు తిరిగినా, అదే పంపును సరిగా కడగకుండా పత్తికి వాడినా, వారం పది రోజులకు పత్తి చిగుళ్లు మారిపోతాయి. కొత్తగా వచ్చే ఆకులు వెడల్పుగా విచ్చుకోవు. సన్నగా, చీలికలుగా, వేళ్లు చాచినట్టు, ఈనెలు దగ్గరదగ్గరగా బిగిసి వస్తాయి. వైరస్ తెగులేమోనని రైతు కంగారుపడి మరో మందు కొడతాడు. దగ్గరగా చూస్తే ఒక ఆనవాలు దొరుకుతుంది. మందు పడేనాటికే విచ్చుకున్న కింది ఆకుల ఆకారం అలాగే ఉంటుంది, పైన వచ్చిన కొత్త ఆకులే వంకరపోతాయి. ఆకు ఆకారం మొగ్గలో ఉండగానే ఖాయమవుతుంది. అచ్చు పోస్తున్నప్పుడు చెయ్యి తగిలితేనే ఇటుక వంకరవుతుంది, కాలిన ఇటుక వంగదు.

2,4-డి విషం కన్నా ముందు ఒక అబద్ధపు కబురు. అది ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్ వేషం వేసుకున్న మనిషి తయారీ. అసలు ఆక్సిన్ ఎలా పనిచేస్తుందో 2005లో తెలిసింది. టీఐఆర్1 అనే గ్రాహకానికి, ఆక్స్/ఐఏఏ అనే అడ్డుకునే ప్రోటీన్‌కు మధ్య చిన్న సందు ఉంటుంది. ఆక్సిన్ ఆ సందులో బంకలా చేరి రెండింటినీ అతికిస్తుంది. అతుక్కున్న మరుక్షణం అడ్డుకునే ప్రోటీన్‌కు గిర్ని గుర్తు పడుతుంది. ఏఆర్‌ఎఫ్ అనే ప్రోటీన్లు అప్పటికే జన్యువుల మీద కూర్చుని ఎదురుచూస్తుంటాయి. అడ్డు తొలగిన నిమిషాల్లోనే అవి పని మొదలుపెడతాయి. ఇంత తొందరగా సాధ్యమవుతోందంటే కారణం కొత్తగా ఏదీ తయారుచేయనక్కర్లేకపోవడమే. ఆక్స్/ఐఏఏల్లో కొన్ని పుట్టిన పది నిమిషాలకే సగానికి తగ్గిపోతాయి. వాటిని కణం నిత్యం తయారుచేస్తూ నిత్యం పారేస్తూ ఉంటుంది. దండుగలా కనిపిస్తుంది కానీ, చెయ్యెత్తగానే తూము తెరుచుకోవాలన్నా దించగానే మూసుకోవాలన్నా ఆ ఖర్చు తప్పదు.

మూసుకోవడం కూడా అంతే ముఖ్యం. ఆక్సిన్ పని అయ్యాక మొక్క దాన్ని అమైనో ఆమ్లాలకు తగిలించి పక్కన పెడుతుంది, లేదా విరగ్గొడుతుంది. 2,4-డిని పత్తి అంత తేలిగ్గా వదిలించుకోలేదు. తూము తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. దాంతో ఇథిలీన్, ఆబ్సిసిక్ ఆమ్లం అనే మరో రెండు హార్మోన్ల తయారీ జన్యువులు కూడా విజృంభిస్తాయి, మోతాదు ఎక్కువైతే మొక్క ఎదగలేక కమిలి చచ్చిపోతుంది. వరి, మక్కలాంటి గడ్డి జాతి పైర్లు ఆ మందును త్వరగా మార్చేసుకుంటాయి, వాటి కాండం నిర్మాణమూ వేరు. అందుకే అదే మందు వాటి మధ్యలోని వెడల్పాకు కలుపును చంపి వాటిని వదిలేస్తుంది. 2,4-డికి వేరే పంపు పెట్టుకోవాలని వ్యవసాయాధికారులు ప్రతి ఏటా చెప్పడం అతిజాగ్రత్త కాదు. పత్తికి చేటు చేయడానికి పంపు అడుగున మిగిలిన కాస్త చాలు.

పత్తి వేరు విడిచే పిలుపు

పత్తి గురించి మరో మాట, వరంగల్ వాళ్లకు ఆసక్తిగా ఉండాల్సినది. మొక్కల హార్మోన్లలో రెండింటి కథ పత్తి దగ్గరే మొదలైంది. ఆబ్సిసిక్ ఆమ్లాన్ని 1963లో అమెరికాలో ఆడికాట్ బృందం లేత పత్తి కాయల నుంచి వేరుచేసింది. 1966లో పత్తి వేర్లు మట్టిలోకి విడిచే రసం నుంచి స్ట్రిగాల్ అనే పదార్థాన్ని తీశారు. జొన్న చేలను పీల్చే జొన్నమల్లె విత్తనం ఏళ్లకేళ్లు మట్టిలో పడుకుని, ఈ జాతి పదార్థం సోకితేనే మొలుస్తుంది. పరాన్నజీవికి పనికొచ్చే రసాన్ని మొక్క ఎందుకు విడవాలి? నలభై ఏళ్ల దాకా జవాబు లేదు. 2005లో తేలింది, ఆ పిలుపు కలుపుకు కాదు, వేర్లతో పొత్తు పెట్టుకుని భాస్వరం తెచ్చిపెట్టే మేలు శిలీంధ్రాలకు. జొన్నమల్లె దాన్ని దొంగచాటుగా వింటోంది. 2008లో మరో సంగతి బయటపడింది. స్ట్రిగాల్ జాతికి చెందిన ఈ స్ట్రైగోలాక్టోన్లే మొక్క లోపల హార్మోన్‌గా కొమ్మలను అదుపు చేస్తున్నాయి.

వరిలో కొమ్మలంటే పిలకలు. పిలక మొగ్గను ఆపే జన్యువులను మూసిపెట్టేది డీ53 అనే ప్రోటీన్. స్ట్రైగోలాక్టోన్ వస్తే డీ14 అనే గ్రాహకం డీ3 తోడుతో డీ53ను గిర్నికి పంపుతుంది, పిలక మొగ్గ ఆగిపోతుంది. ఇది 2013లో వరిలోనే తేలింది. మళ్లీ అదే పద్ధతి, అడ్డు తీయడం. ఈసారి తీసిన అడ్డు వెనక ఉన్నది ఎదుగుదల కాదు, ఆపుదల. భాస్వరం తక్కువైన పొలంలో పిలకలు రావని రైతుకు ఎప్పటి నుంచో తెలుసు. మొక్క నీరసపడి పిలకలు వేయలేకపోవడం ఒక్కటే కారణం కాదు. భాస్వరం కరువైనప్పుడు వేర్లు స్ట్రైగోలాక్టోన్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి. అది బయటికి పోయి శిలీంధ్రాన్ని పిలుస్తుంది, లోపల పైకి పోయి పిలకలను ఆపుతుంది. కరువులో ఇంటి పెద్ద ఒక చేత్తో అప్పుకు కబురంపి ఇంకో చేత్తో ఖర్చు తగ్గించినట్టు, ఒకే పదార్థంతో రెండు పనులు.

కల్లంలో మొలకెత్తే వడ్లు

యాసంగి కోతల వేళ, ఏప్రిల్, మే నెలల్లో, కొనుగోలు కేంద్రాల దగ్గర కుప్పలు పోసిన వడ్ల మీద అకాల వాన పడుతుంది. టార్పాలిన్ కింద నాలుగు రోజులు ఉక్కపోస్తే కుప్ప పక్కలంతా తెల్లటి మొలకలు. ఆరుగాలం కష్టం కళ్ల ముందే నారు అవుతుంటే చూసేవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది. మండె సంచిలో కావాలని చేసింది ఇక్కడ అక్కర్లేకుండా జరిగింది.

గింజ పక్వానికి వచ్చేటప్పుడు దానిలో ఆబ్సిసిక్ ఆమ్లం పేరుకుంటుంది. 2009లో తెలిసిన దారి ప్రకారం ఈ హార్మోన్ తన గ్రాహకంతో కలిసి ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌ల నోరు మూస్తుంది. అవి అప్పటిదాకా కట్టడి చేస్తున్న కైనేజ్ అనే మరో రకం ఎంజైమ్‌లు విడుదలై, గింజ ఎండినా చెడకుండా కాపాడే ప్రోటీన్ల జన్యువులను నడుపుతాయి, మొలకను ఆపుతాయి. ఇదే దారి ఎండకు వాడే ఆకులో నిమిషాల్లో పత్రరంధ్రాలను మూయిస్తుంది. గింజలో ఆబ్సిసిక్ ఆమ్లం ఒక పక్క, జిబ్బరెల్లిన్ ఒక పక్క లాగుతుంటాయి. మొలవాలా వద్దా అన్నది ఏది ఎంత ఉందన్నదాని కన్నా రెండింటి నిష్పత్తి మీద తేలుతుంది. కోసిన వెంటనే గింజలో నిద్ర గాఢంగా ఉంటుంది, నిల్వలో మెల్లగా పలచబడుతుంది. నిద్ర తక్కువున్న రకమైతే వారం వానకే లేచి కూర్చుంటుంది.

నిద్ర ఎక్కువైతే మరో బాధ, నారుమడిలో సమంగా మొలవదు. అందుకే కొత్త వడ్లను వెంటనే విత్తనంగా వాడాల్సి వస్తే, నిద్రను బట్టి లీటరు నీటికి 6.3 నుంచి 10 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి నానబెట్టమంటారు. యాసిడ్ పొట్టును తినేస్తుంది కాబట్టి మొలుస్తుందని సాధారణంగా చెప్పుకుంటారు. అంతకన్నా లోతైన కారణం ఉండే వీలుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొక్కలో నైట్రేట్ సోకితే ఆబ్సిసిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువు నడుస్తుందని రుజువైంది. విత్తనానికి నైట్రేట్ అంటే ఖాళీగా, సారంగా ఉన్న నేల దొరికిందన్న గుర్తు. మొలక సమంగా రావాలని పాత తరాల నుంచి మనుషులు ఎంచుకుంటూ వచ్చిన రకాలే వానకు కల్లంలో తొందరపడి మొలుస్తున్నాయి. రెండు మూడు వారాలు మాత్రమే ఆగే నిద్ర ఉన్న రకాలను యాసంగికి ఇంకా గట్టిగా వెతకాలి. ఎత్తు, దిగుబడి, సన్నరకం మీద పెట్టినంత శ్రద్ధ దీని మీద కనిపించదు.

ఇథిలీన్ సంగతి జగిత్యాల మామిడి మార్కెట్‌కు బాగా తెలుసు. వాయువు రూపంలో ఉండే ఈ హార్మోన్ రానంతసేపు దాని గ్రాహకమే అడ్డుగా పనిచేస్తూ ఉంటుంది, వచ్చాక ఆగుతుంది, పండించే జన్యువులు నడుస్తాయి. కార్బైడ్ నుంచి వచ్చే ఎసిటిలీన్ దీన్ని అనుకరిస్తుంది. అందులో ఆర్సెనిక్, భాస్వరం మలినాలుంటాయి కాబట్టే దాన్ని నిషేధించి, 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద పాళ్లు) దాకా ఇథిలీన్‌ను అనుమతించారు. పొలంలో దీనికి ఇంకో ముఖం ఉంది. వాగు పొంగి వరి మునిగితే మొక్కలోని ఇథిలీన్ బయటికి పోలేక పేరుకుంటుంది. మామూలు వరి అది చూసి జిబ్బరెల్లిన్‌తో సాగి గాలి అందుకోవాలని చూస్తుంది, నిల్వ చక్కెరంతా ఖర్చు చేసుకుని నీరు తీసేసరికి చచ్చిపోతుంది. 2006లో గుర్తించిన సబ్1ఏ జన్యువు ఉన్న వరి అదే ఇథిలీన్ కబురుకు వేరే జవాబిస్తుంది. డెల్లాను పోనివ్వకుండా నిలబెట్టి, ఎదగకుండా ఓపిక పట్టి, రెండు వారాల మునకను తట్టుకుంటుంది. ఎదగకపోవడం కూడా కొన్నిసార్లు బతుకుదెరువే.

అన్ని హార్మోన్లూ అడ్డు తీసే రకం కావు. సైటోకైనిన్ దారి వేరు. అది కణం పొరల మీది గ్రాహకాన్ని తాకితే ఫాస్ఫేట్ ముక్క చేతులు మారుతూ కేంద్రకం దాకా వెళ్లి జన్యువును నడిపే ప్రోటీన్‌ను నేరుగా చేరుతుంది. వరి కంకిలో ఈ హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ తగ్గితే పూలు ఎక్కువ పుడతాయి, గింజల లెక్క పెరుగుతుంది. 2005లో తేలిన ఈ సంగతి వరి పరిశోధనలో ఇప్పటికీ పెద్ద ఆశ.

ఈ ఏర్పాటు ఎంత పాతదో తెలియాలంటే శ్రావణంలో వరంగల్ కోట రాతి గోడల సందుల్లో పరుచుకునే పచ్చటి పాచి దగ్గరికి పోవాలి. అలాంటి పాచి జాతులైన మాస్, లివర్‌వర్ట్ మొక్కల పూర్వీకులు సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట నీళ్లు వదిలి నేలకెక్కాయి. మార్కాంషియా అనే లివర్‌వర్ట్‌లో ఆక్సిన్ దారి మొత్తం ఉంది, కానీ అడ్డుకునే ఆక్స్/ఐఏఏ ప్రోటీన్ ఒక్కటంటే ఒక్కటే. అరబిడాప్సిస్‌లో అవి 29. తూము ఒకటే ఉన్న చెరువు ఒక కాలువకే నీళ్లిస్తుంది. తూములు పెరిగేకొద్దీ వేరుకు ఒకటి, పువ్వుకు ఒకటి, కాయకు ఒకటి అని వేరువేరు ఆయకట్టులు ఏర్పడ్డాయి. జిబ్బరెల్లిన్‌ను గుర్తుపట్టే జీఐడీ1 మాస్‌లలో లేదు. నీటిని మోసే నాళాలున్న మొక్కలు వచ్చాకే అది కుదురుకుంది. పాచి మొక్క గోడకు అంటుకునే ఉండి, టేకు ఆకాశానికి ఎదగడం వెనక ఇలాంటి మార్పులు ఎన్నో ఉన్నాయి.

ఇంత తెలిశాక ఎరువుల దుకాణం ముందు నిలబడితే సీసాలు వేరేలా కనిపిస్తాయి. పత్తి ఏపుగా పోతుంటే కొట్టే మెపిక్వాట్ క్లోరైడ్, రైతుల నోట "చమత్కార్"గా స్థిరపడినది, జిబ్బరెల్లిన్ తయారీని తగ్గిస్తుంది. ఎందుకు కొడుతున్నారో, మొక్కలో ఏ మెట్టు దగ్గర ఆగుతుందో స్పష్టంగా తెలిసిన మందు అది. "ఏ పంటకైనా, ఏ దశలోనైనా" అని రాసి ఉన్న సీసా అలాంటిది కాదు. పంటను, దశను చెప్పకుండా హార్మోన్ పని చెప్పడం కుదరదు. ఇలాంటి సీసాల్లో వచ్చే జీవ ఉత్తేజకాలను (బయోస్టిమ్యులెంట్లను) 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు, అది జరగాల్సిన పనే. లేబుల్ మీద లోపల ఏముందో, ఏ దశకో అడిగి కొనే అలవాటు అంతకన్నా అవసరం.

పత్తిలో గూడ (పూమొగ్గ), పూత రాలుతుంటే ప్లానోఫిక్స్ కొడతారు. అది ఎన్‌ఏఏ, ఆక్సిన్ జాతిది, 4.5 శాతం ద్రావణం. నాలుగున్నర లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు కలిపితే 10 పీపీఎం అవుతుంది. 20 లీటర్ల తైవాన్ పంపుకు నాలుగున్నర మిల్లీలీటర్లు కూడా పట్టదు, మూతతో అందాజాగా పోసే మందు కాదు. ఇదే ఎన్‌ఏఏను ఆపిల్ తోటల్లోనూ వాడతారు, దాదాపు ఇదే మోతాదులో. చెట్టు నిండా పిందెలు కిక్కిరిసిన వేళ కొడితే కొన్ని పిందెలు రాలి మిగతావి పెద్దవవుతాయి. కోతకు కొద్ది రోజుల ముందు కొడితే రాలబోయే కాయలు కొమ్మకు అంటిపెట్టుకుని ఉంటాయి.